పారాప్సిలోసిస్ పేరు కింద ఉన్న ఈస్టులు: ప్రాజెక్టు డైరీ

పని మొదలు

మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో క్యాండిడా పారాప్సిలోసిస్ అన్న లేబుల్‌తో ఏళ్ళుగా పోగుపడిన ఐసొలేట్లు, అంటే రోగుల నమూనాల నుంచి విడదీసి పెంచిన ఈస్టులు, ఉన్నాయి. వాటిని బయటికి తీసి, ఏది నిజంగా ఏ జాతో, ఏ మందుకు లొంగుతుందో, ఏది లొంగదో తేల్చడమే ఈ ప్రాజెక్టు. రక్తం, క్యాథెటర్ కొసలు, చర్మం, గోళ్ళు, చెవి ఇలా రకరకాల నమూనాల నుంచి వచ్చినవి. రోగుల పేర్లు తీసేశాం. ప్రతి ట్యూబుకూ ఒక కోడ్, నమూనా రకం, వార్డు రకం, రోగి ముందు ఫ్లూకోనజోల్ అనే శిలీంధ్రాల మందు తీసుకున్నారా లేదా అన్నది మాత్రమే మిగిల్చాం. ఆ వార్డు, మందు వివరాలు కూడా మా గైడ్ మేడమ్ దగ్గరే ఉంటాయి. ఎంఐసీలు (ఈస్ట్ ఎదుగుదలను ఆపే అతి తక్కువ మందు మోతాదులు) చదవడం అయ్యేదాకా నా చేతికి రావు.

ఈ పని ఎందుకంటే, లేబుల్ మీద ఒక పేరే ఉన్నా దాని కింద మూడు జాతులు ఉండొచ్చు. 1928లో ప్యూర్టో రికోలో ఆష్‌ఫోర్డ్ ఈ ఈస్ట్‌ను మొదట వర్ణించాడు. చాలాకాలం దీన్ని ఒకే జాతి అనుకున్నారు. తర్వాత జన్యుపరంగా మూడు గుంపులు కనబడుతున్నాయని గ్రహించి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకున్నారు. 2005లో టవాంటి బృందం రెండో గుంపుకు క్యాండిడా ఆర్థోప్సిలోసిస్ అనీ మూడో గుంపుకు క్యాండిడా మెటాప్సిలోసిస్ అనీ పేర్లు పెట్టి వేరే జాతులుగా నిలబెట్టింది. మొదటి గుంపుకు పాత పేరే మిగిలింది. రోజూ చేసే జీవరసాయన పరీక్షలకు ఈ మూడింటి మధ్య తేడా అందదు. అందుకే రిపోర్టుల్లో ఇప్పటికీ ఎక్కువగా పాత పేరే వెళ్తుంది.

ఈ పేరు నాకు పట్టింపు కావడానికి కారణం ఉంది. రక్తంలో ఈ ఈస్ట్ పెరిగే వాళ్ళలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, వారాల తరబడి సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం) మీద ఉన్నవాళ్ళు, నోటితో తినలేక నరం ద్వారా పోషకాలు ఎక్కించుకునేవాళ్ళు ఎక్కువ. చర్మం మీద మామూలుగానే బతికే ఈ ఈస్ట్ చేతుల నుంచి లైన్‌కు చేరుతుంది. ప్లాస్టిక్ గొట్టం గోడ మీద బయోఫిల్మ్ అనే జిగట పొర కట్టుకుంటుంది. గ్లూకోజ్ దండిగా ఉండే ద్రవాల్లో హాయిగా పెరుగుతుంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలిసారి విడుదల చేసిన ప్రమాదకర శిలీంధ్రాల ప్రాధాన్య జాబితాలో పారాప్సిలోసిస్‌ను రెండో మెట్టు అయిన ‘అధిక’ వర్గంలో పెట్టింది. పక్కన గ్లాబ్రాటా, ట్రోపికాలిస్ అనే ఈస్టులు ఉన్నాయి.

నిల్వలు లేపడం

గ్లిసరాల్ స్టాక్స్ నుంచి సబూరాడ్ అగర్ (శిలీంధ్రాలను పెంచే మాధ్యమం) మీద గీసి 35 డిగ్రీల దగ్గర పెట్టాం. చాలావరకు ఇబ్బంది లేకుండా పెరిగాయి. కొన్ని పాత ట్యూబులు మాత్రం పెరగలేదు. వాటిని జాబితాలోంచి తీసేసి, తీసేసిన సంగతి రిజిస్టర్‌లో రాశాం. పెరిగిన ప్రతిదాన్నీ మరోసారి ఒంటరి కాలనీలు వచ్చేలా గీశాకే తర్వాతి మెట్టు.

తర్వాత క్రోమోజెనిక్ అగర్, అంటే జాతిని బట్టి కాలనీలకు రంగు వచ్చే మాధ్యమం. ఈ గుంపు కాలనీలు దాని మీద పాలిపోయిన క్రీమ్ నుంచి లేత గులాబీ దాకా ఉంటాయి. మూడు జాతుల మధ్య రంగులో నమ్మదగిన తేడా ఏమీ ఉండదు. కాబట్టి ఈ ప్లేటు జాతి తేల్చడానికి కాదు, ట్యూబులో ఇంకేదైనా కలిసి ఉంటే బయటపడుతుందని.

బయటపడింది కూడా. ఒక ఐసొలేట్ నీలాకుపచ్చ రంగులో వచ్చింది. పారాప్సిలోసిస్ అలా రాదు. మళ్ళీ గీసినా అదే రంగు. జాతిని పోల్చుకోవడానికి వాడే ఐటీఎస్ అనే డీఎన్‌ఏ ప్రాంతాన్ని సీక్వెన్స్ చేయిస్తే లొడ్డెరోమైసిస్ ఎలోంగిస్పోరస్ అని తేలింది. ఇది పారాప్సిలోసిస్‌కు దగ్గరి చుట్టమే కానీ వేరే జాతి. నిడుపాటి ఆస్కోస్పోరు (సంచిలో ఏర్పడే బీజం) చేస్తుంది. పాత జీవరసాయన కిట్లు దీన్ని పారాప్సిలోసిస్ అనే చదువుతాయి. 2008 నుంచి దీన్ని రక్తం నమూనాల్లో కూడా గుర్తిస్తున్నారు. మా పెట్టెలో అలాంటిది ఒకటి దొరకడం నాకు నిజంగా సంతోషమనిపించింది. రంగు చూసే ఓపిక ఉంటే చాలు, పెద్ద మెషిన్లు లేని ల్యాబ్ అయినా దీన్ని అనుమానించగలదు. దాన్ని ప్రధాన జాబితాలోంచి తీసి విడిగా భద్రపరిచాం.

జెల్ మీద మూడు జాతులు

జాతి గుర్తింపుకు మేం ఎంచుకున్నది ఎస్‌ఏడీహెచ్ జన్యువు పద్ధతి. 2005 పరిశోధనలో వాడినదే. ఈ జన్యువులో 716 బేస్‌పెయిర్ల ముక్కను పీసీఆర్‌తో పెంచి, బ్యాన్-1 అనే ఎంజైమ్‌తో కోస్తాం. పారాప్సిలోసిస్ ముక్కలో కోతకు ఒక చోటు ఉంటుంది, కాబట్టి జెల్ మీద సుమారు 520, 200 దగ్గర రెండు బ్యాండ్లు (గీతలు) వస్తాయి. ఆర్థోప్సిలోసిస్‌లో కోతచోటే లేదు, ముక్క మొత్తంగా 716 దగ్గరే నిలబడుతుంది. మెటాప్సిలోసిస్‌లో మూడు కోతలు. అందులో 370, 188 దగ్గరవి బాగా కనబడతాయి, 93, 60 సైజువి జెల్ కింది అంచున మసకగా ఉంటాయి లేదా జారిపోతాయి. మాల్డీ-టాఫ్ (ప్రోటీన్ల బరువుల తీరు చూసి జాతి చెప్పే మెషిన్) ఉంటే, డేటాబేస్‌లో మూడు జాతుల స్పెక్ట్రాలూ ఉంటే, ఈ పని నిమిషాల్లో అయిపోతుంది. మాకు పీసీఆర్, జెల్ ఉన్నాయి. అవి చాలు.

ప్రతి జెల్‌లోనూ మూడు జాతుల రిఫరెన్స్ స్ట్రెయిన్లు పక్కపక్కనే నడిపాం. పారాప్సిలోసిస్‌కు ఏటీసీసీ 22019, ఆర్థోప్సిలోసిస్‌కు ఏటీసీసీ 96139, మెటాప్సిలోసిస్‌కు ఏటీసీసీ 96144. ఏటీసీసీ అంటే ప్రామాణిక సూక్ష్మజీవులను నిల్వ చేసే కేంద్రం, అంకె అక్కడి నంబరు. ఆర్థోప్సిలోసిస్‌ను మనం గుర్తించేది కోత పడలేదన్న ఆధారంతోనే. ఎంజైమ్ పనిచేయకపోయినా అచ్చం అలాగే కనిపిస్తుంది. అందుకే పక్కన పారాప్సిలోసిస్ కంట్రోల్ పూర్తిగా కోతపడి కనిపించిన జెల్ మీద తప్ప ఆర్థోప్సిలోసిస్ అని రాయకూడదని నియమం పెట్టుకున్నాం.

మొదటి జెల్స్‌లో ఎక్కువ భాగం రెండు బ్యాండ్లే. అంటే అసలు పారాప్సిలోసిస్. మధ్యలో అక్కడక్కడా కోత పడనివి, ఇంకా తక్కువగా 370 దగ్గర బ్యాండ్ ఉన్నవి. ప్రపంచంలో చాలాచోట్ల వచ్చిన లెక్కలు కూడా ఇలాగే ఉన్నాయి. ఆర్థోప్సిలోసిస్, మెటాప్సిలోసిస్ రెండూ కలిపినా సాధారణంగా ఈ గుంపులో నూటికి పది లోపే.

మూడు బ్యాండ్ల ఐసొలేట్

ఒక క్యాథెటర్ కొస నుంచి వచ్చిన ఐసొలేట్ 716, 520, 200 మూడు చోట్లా బ్యాండ్లు చూపించింది. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే.

మూడు అవకాశాలు ఉన్నాయి. కోత సగమే పడి ఉండొచ్చు. ట్యూబులో రెండు జాతులు కలిసి ఉండొచ్చు. లేదా ఒకే ఈస్ట్‌లో జన్యువు రెండు ప్రతుల మధ్య తేడా ఉండొచ్చు. మూడోది ఊరికే అనుకున్నది కాదు. జీనోమ్ పరిశోధనల్లో మెటాప్సిలోసిస్ ఐసొలేట్లు, ఆర్థోప్సిలోసిస్‌లో చాలావరకు, రెండు వేర్వేరు వంశాలు కలిసి పుట్టిన సంకరాలని తేలింది. అలాంటి వాటిలో ఒకే జన్యువు రెండు ప్రతులూ వేరుగా ఉండటం మామూలే. పారాప్సిలోసిస్‌లో మాత్రం రెండు ప్రతుల మధ్య తేడా చాలా తక్కువ.

ముందు ఎంజైమ్ పెంచి, రాత్రంతా ఉంచి కోశాం. మూడు బ్యాండ్లూ అలాగే ఉన్నాయి. పక్కన కంట్రోల్ పూర్తిగా కోతపడింది. సగం కోత అన్న అనుమానం పోయింది. తర్వాత క్రోమోజెనిక్ ప్లేటు మీద పల్చగా గీసి, విడివిడిగా ఉన్న కాలనీలు ఎత్తి, ఒక్కోదాని నుంచి డీఎన్‌ఏ తీశాం. కాలనీలన్నీ చూడటానికి ఒకేలా ఉన్నాయి. జెల్ మీద మాత్రం కొన్ని పూర్తిగా కోతపడ్డాయి, కొన్ని అసలు పడలేదు. మధ్యరకం ఒక్కటీ లేదు.

అంటే ఆ క్యాథెటర్ కొస మీద పారాప్సిలోసిస్, ఆర్థోప్సిలోసిస్ రెండూ కలిసి ఉన్నాయి. రెండింటినీ విడదీసి వేర్వేరు కోడ్‌లు ఇచ్చాం. విడదీయకుండా ఎంఐసీ పెట్టి ఉంటే, పరీక్ష ప్లేటు బావిలో (చిన్న గుంటలో) చివరిదాకా పెరిగేది మందుకు తక్కువ లొంగే జాతే కాబట్టి అంకె దానిదే వచ్చేది. పేరు మాత్రం రెండోదానిది పడే అవకాశం ఉండేది. ఆ తర్వాత జాబితాలోని క్యాథెటర్ నమూనాలన్నిటినీ మళ్ళీ ఒంటరి కాలనీల దాకా తెచ్చి, ఒక్కోదాని నుంచి ఒకటికి మించి కాలనీలు చూశాం. ఇంకెక్కడా రెండు జాతులు దొరకలేదు. అయినా ఈ మెట్టు వదలకూడదన్న నా అభిప్రాయం మారలేదు.

ఎంఐసీ ప్లేట్లు

మందుల పరీక్ష సీఎల్‌ఎస్‌ఐ (ల్యాబ్ ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ) బ్రోత్ మైక్రోడైల్యూషన్ పద్ధతిలో, అంటే మందును మెట్లుమెట్లుగా పల్చన చేసిన ద్రవంలో ఈస్ట్‌ను పెంచి చూడటం. మాధ్యమం ఆర్‌పీఎంఐ 1640, మాప్స్ బఫర్‌తో పీహెచ్ 7.0. 24 గంటల కాలనీల నుంచి సెలైన్‌లో సస్పెన్షన్ చేసి, 530 నానోమీటర్ల దగ్గర 0.5 మెక్‌ఫర్లాండ్‌కు తెచ్చి, మొదట 50 రెట్లు, ఆపైన 20 రెట్లు పల్చన చేస్తాం. చివరికి బావిలో మిల్లీలీటరుకు 500 నుంచి 2500 కణాలు ఉండాలి. 35 డిగ్రీలు, 24 గంటలు.

ఈ కణాల సంఖ్య మీద నాకు మొదటి నుంచీ పట్టుదల. ప్రతి బ్యాచ్‌లో కొన్ని సస్పెన్షన్లను అగర్ మీద పరిచి కాలనీలు లెక్కపెట్టాం. కణాలు ఎక్కువైతే ఎంఐసీ పైకి జరుగుతుంది, అది ఈస్ట్ గుణం కాదు. యూకాస్ట్ అనే యూరప్ సంస్థ పద్ధతిలో కణాలు దీనికి వంద రెట్లు, గ్లూకోజ్ 2 శాతం, చదవడం స్పెక్ట్రోఫోటోమీటర్‌తో. రెండు పద్ధతుల అంకెలనూ ఒకే పట్టికలో కలిపి రాయకూడదు. ఒకదాని బ్రేక్‌పాయింట్‌తో (లొంగుతుందా లేదా అని విడదీసే హద్దు అంకెతో) రెండోదాని ఎంఐసీని తూచకూడదు. చదివిన నివేదికల్లో ఈ కలగలుపు కనబడినప్పుడల్లా బాధేస్తుంది. ఎందుకంటే ఆ పట్టిక చూసి ఎవరో మందు ఎంచుకుంటారు.

ప్రతి రోజూ క్వాలిటీ కంట్రోల్‌కు ఏటీసీసీ 22019, క్యాండిడా క్రుసై ఏటీసీసీ 6258 రెండూ పెడతాం. 24 గంటల దగ్గర ఫ్లూకోనజోల్ ఎంఐసీ 22019కు 0.5 నుంచి 4 మధ్య, 6258కు 8 నుంచి 64 మధ్య రావాలి. ఇక్కడా, కింద అంతటా అంకెలు మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల్లో. కంట్రోల్ హద్దు దాటితే ఆ రోజు ప్లేట్లన్నీ పక్కన పెట్టేయడమే. ఒక బ్యాచ్‌లో అలాగే చేయాల్సి వచ్చింది.

బావులు చదవడం

యాంఫోటెరిసిన్ బి చదవడం తేలిక. ఎదుగుదల పూర్తిగా ఆగిన మొదటి బావి దగ్గర ఎంఐసీ. ఫ్లూకోనజోల్, వోరికోనజోల్, ఎకైనోక్యాండిన్లకు (ఈస్ట్ కణం గోడ తయారీని అడ్డుకునే మందులు) మాత్రం మందు లేని బావితో పోల్చి ఎదుగుదల సగానికి తగ్గిన చోటు చూడాలి. సగం అంటే ఎంత అన్నది కంటితో తేల్చాలి. కొన్ని ఐసొలేట్లలో మందు ఎంత పెంచినా అడుగున పల్చటి మసక మిగిలే ఉంటుంది. దీన్నే ట్రెయిలింగ్ అంటారు. మసక చూసి ఎదుగుదల అనుకుంటే లొంగే ఈస్ట్‌కు నిరోధకమన్న ముద్ర పడుతుంది.

“కోడ్ మీద కాగితం అతికించి చదువు. ఏ జాతో తెలిస్తే కన్ను అటే మొగ్గుతుంది” అన్నారు మేడమ్. నేనూ, తోటి స్కాలరూ విడివిడిగా చదివాం. ఇద్దరి అంకెలు ఒక డైల్యూషన్‌కు (రెట్టింపు లేదా సగం, అంటే ఒక మెట్టుకు) మించి తేడా వస్తే ఆ ఐసొలేట్‌ను మళ్ళీ పెట్టాం. ట్రెయిలింగ్ ఉన్నవాటిలోనే ఈ తేడాలు ఎక్కువగా వచ్చాయి. అలాంటి చోట ఇద్దరం ఒకే ప్లేటును అద్దం మీద పెట్టి, మందు లేని బావినే సగానికి పల్చన చేసి పక్కన పెట్టుకుని చూశాం. సగం ఎలా ఉంటుందో కళ్ళముందు కనిపిస్తే వాదన ఉండదు.

ఫ్లూకోనజోల్

ఈ గుంపులో పారాప్సిలోసిస్‌కు సీఎల్‌ఎస్‌ఐ బ్రేక్‌పాయింట్లు: 2 లేదా తక్కువైతే లొంగుతుంది, 4 అయితే డోసు మీద ఆధారపడి లొంగుతుంది, 8 లేదా ఎక్కువైతే నిరోధకం. ఆర్థోప్సిలోసిస్, మెటాప్సిలోసిస్‌లకు ఇలాంటి బ్రేక్‌పాయింట్లు లేవు. వాటి ఎంఐసీని ఆ జాతి సహజ పరిధితో, అంటే ఎపిడెమియోలాజికల్ కటాఫ్‌తో పోల్చి, మామూలుగా ఉందా, అసాధారణంగా ఉందా అని మాత్రమే చెప్పాలి. రిపోర్టులో ఈ తేడా రాయాలి.

కాగితాలు తీసి కోడ్‌లు చూసుకున్నాక ఒక సంగతి స్పష్టమైంది. మా ఆర్థోప్సిలోసిస్, మెటాప్సిలోసిస్ ఐసొలేట్లు అన్నీ ఫ్లూకోనజోల్‌కు తమ సహజ పరిధిలోనే ఉన్నాయి. 8, ఆపైన ఎంఐసీ వచ్చినవన్నీ అసలు పారాప్సిలోసిస్‌లోనే. పని మొదలుపెట్టేటప్పుడు కొత్త జాతుల్లోనే మందు సమస్య బయటపడుతుందని చుట్టూ చాలామంది అనుకున్నారు. ఆర్థోప్సిలోసిస్‌లో కూడా నిరోధక ఐసొలేట్లు అక్కడక్కడా బయటపడ్డాయి కాబట్టి, మా దగ్గర ఉన్న కొద్ది నమూనాలతో ఆ జాతికి హామీ ఇవ్వలేం. కానీ జాతి పేరు తెలిసింది కదా అని ఎంఐసీ చేయకుండా ఊరుకోవడానికి వీల్లేదన్నది మాత్రం ఇక్కడే తేలిపోయింది.

నిరోధకంగా వచ్చినవాటి ఈఆర్‌జీ11 జన్యువు సీక్వెన్స్ చేయించాం. ఫ్లూకోనజోల్ పట్టుకునే ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు ఇదే. ఆ ఎంజైమ్ ఆగితే ఈస్ట్ పొరకు కావాల్సిన ఎర్గోస్టెరాల్ తయారీ ఆగిపోతుంది. చాలావాటిలో ఒకే మార్పు కనబడింది: 132వ స్థానంలో టైరోసిన్ పోయి ఫినైల్అలనిన్ వచ్చింది. దీన్ని వై132ఎఫ్ అంటారు. బ్రెజిల్, దక్షిణాఫ్రికా, దక్షిణ కొరియా, కువైట్, భారత్, టర్కీ, ఇటలీ, స్పెయిన్ ఇలా అనేక దేశాల్లో ఫ్లూకోనజోల్‌కు లొంగని పారాప్సిలోసిస్‌లో బయటపడింది ఈ మార్పే. ఇది ఫ్లూకోనజోల్, వోరికోనజోల్ లాంటి పొట్టి అణువుల పట్టును సడలిస్తుంది. పొసాకోనజోల్, ఇట్రాకోనజోల్ లాంటి పొడవాటి తోక ఉన్న అణువులను అంతగా తాకదు. మా ప్లేట్లలో కూడా వై132ఎఫ్ ఉన్నవాటిలో వోరికోనజోల్ ఎంఐసీ పైకి జరిగింది, పొసాకోనజోల్ పెద్దగా కదల్లేదు.

కొన్ని నిరోధక ఐసొలేట్లలో ఈఆర్‌జీ11 మార్పు ఏదీ లేదు. వాటిలో మందును బయటికి తోసే పంపులు ఎక్కువగా పనిచేస్తుండొచ్చు. ఎంఆర్‌ఆర్1, టీఏసీ1 జన్యువులు చూడాలి. అది తర్వాతి విడత.

ఎకైనోక్యాండిన్లు

ఇక్కడ మూడు జాతులదీ ఒకే కథ. గ్లూకాన్ గోడను కట్టే ఎఫ్‌కేఎస్1 ప్రోటీన్‌లో 660వ స్థానంలో చాలా క్యాండిడా జాతులకు ప్రోలిన్ ఉంటుంది. ఈ మూడింటికీ పుట్టుకతోనే అలనిన్ ఉంది. అందుకే ఎకైనోక్యాండిన్ ఎంఐసీలు క్యాండిడా అల్బికాన్స్ కంటే బాగా ఎక్కువగా వస్తాయి. సీఎల్‌ఎస్‌ఐ కూడా అల్బికాన్స్‌కు 0.25 దాకా లొంగుతుందని అంటే, పారాప్సిలోసిస్‌కు 2 దాకా ఒప్పుకుంటుంది. ఎకైనోక్యాండిన్లలో ఒకటైన క్యాస్పోఫంజిన్‌కు మా అంకెలన్నీ ఆ హద్దు లోపలే ఉన్నాయి. ఎంఐసీ 1 వచ్చిన పారాప్సిలోసిస్ సహజంగా ఉన్నట్టే. అదే 1 అల్బికాన్స్‌కు వస్తే నిరోధకం. జాతి పేరు లేకుండా అంకెకు అర్థం లేదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

వైద్యంలో ఎకైనోక్యాండిన్ ఇచ్చిన పారాప్సిలోసిస్ రోగుల ఫలితాలు ఎంఐసీ చూసి భయపడినంత చెడుగా లేవు. అయినా ఈ ఎంఐసీల మూలంగానే, పారాప్సిలోసిస్ అనగానే ఫ్లూకోనజోల్ వైపు మొగ్గడం చాలాచోట్ల అలవాటు. ఇప్పుడు ఆ ఫ్లూకోనజోల్‌కే లొంగని ఐసొలేట్లు ఉన్నాయంటే, టెన్షన్ పడాల్సింది ఈ అలవాటు గురించే.

యాంఫోటెరిసిన్ బి గురించి రాయడానికి పెద్దగా లేదు. అన్నీ 1 లోపే.

ఏవి ఎక్కడివి

చివరికి మేడమ్ వార్డు, మందు వివరాలు ఇచ్చారు. రక్తం, క్యాథెటర్ నమూనాల్లో పారాప్సిలోసిస్ వాటా ఎక్కువ. మెటాప్సిలోసిస్ దాదాపు అంతా చర్మం, గోళ్ళు, చెవి వైపు ఉంది. రక్తంలో అరుదు. జంతువుల మీద, కణాల మీద జరిగిన ప్రయోగాల్లో మెటాప్సిలోసిస్ మిగతా రెండింటికంటే బలహీనంగా కనబడిన సంగతితో ఇది సరిపోతుంది కానీ, మా సంఖ్యలు చిన్నవి కాబట్టి అంతకుమించి చెప్పను.

వై132ఎఫ్ ఉన్న ఐసొలేట్లు మాత్రం చెల్లాచెదురుగా లేవు. వేర్వేరు రోగులవే అయినా ఎక్కువ భాగం ఇంటెన్సివ్ కేర్ తరహా వార్డుల నుంచి వచ్చాయి. ఫ్లూకోనజోల్ ఎప్పుడూ తీసుకోని రోగులు కూడా అందులో ఉన్నారు. ఒక్కో రోగిలో మందు ఒత్తిడికి విడివిడిగా పుట్టిన మార్పయితే ఇలా ఉండే అవకాశం తక్కువ. ఒకే క్లోన్ (ఒకే ఈస్ట్ సంతతి) చేతుల మీదుగా, పరికరాల మీదుగా మంచం నుంచి మంచానికి వెళ్తోందన్న అనుమానం బలంగా ఉంది. ఇతర దేశాల ఆసుపత్రుల్లో జరిగింది సరిగ్గా అదే. కానీ ఒకే మార్పు ఉన్నంతమాత్రాన ఒకే క్లోన్ అని తేలదు. దానికి మైక్రోసాటిలైట్ టైపింగ్, అంటే డీఎన్‌ఏలో మళ్ళీమళ్ళీ వచ్చే చిన్న ముక్కల పొడవులు పోల్చడం, కావాలి.

ఇప్పుడు ఎక్కడ ఉన్నాం

అనుమానం తేలేదాకా ఆగకుండా, వై132ఎఫ్ సంగతి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ వాళ్ళకు రాతపూర్వకంగా చెప్పేశాం. చేతుల శుభ్రత, లైన్ల నిర్వహణ వెంటనే సరిచూసుకోవడానికి టైపింగ్ ఫలితం అక్కర్లేదు. రిపోర్టుల విషయంలో రెండు ప్రతిపాదనలు ఇచ్చాం. మొదటిది, రక్తంలో పారాప్సిలోసిస్ గుంపు పెరిగితే జాతి తేలినా తేలకపోయినా ఫ్లూకోనజోల్ ఎంఐసీ తప్పనిసరి. రెండోది, జాతి తేలకపోతే ‘పారాప్సిలోసిస్ గుంపు’ అనే రాయాలి, ఒట్టి పారాప్సిలోసిస్ అని కాదు.

మైక్రోసాటిలైట్ ప్రైమర్లు వచ్చాయి. మొదటి ప్లేటులో వై132ఎఫ్ ఉన్నవన్నీ, వాటితోపాటు అదే వార్డుల నుంచి వచ్చి ఫ్లూకోనజోల్‌కు లొంగే పారాప్సిలోసిస్‌లు కొన్ని, వేరే వార్డులవి కొన్ని. లొంగేవాటిని కలపకపోతే, ఒకేలా వచ్చిన ఫలితం క్లోన్ వల్ల వచ్చిందా, మేం చూస్తున్న లోకసులకు (డీఎన్‌ఏలోని చోట్లకు) అంతకుమించి విడదీసే శక్తి లేక వచ్చిందా అన్నది చెప్పలేం. డీఎన్‌ఏలు కొలిచి పెట్టాం. పీసీఆర్ సోమవారం.